బీరువాకు తాళం వేశారు సరే, కంప్యూటర్‌లోని కాగితాలకో?

పోయిన వేసవిలో, విశాఖలోని మా ఇంట్లో ల్యాప్‌టాప్ మీద టీ ఒలికింది. కీబోర్డులో సగం మీటలు పనిచేయడం మానేశాయి. మరమ్మతు దుకాణానికి తీసుకెళితే, "పాస్‌వర్డ్ కూడా రాసివ్వండి సార్, బాగయ్యాక చూడాలి కదా" అన్నాడు అక్కడి కుర్రాడు. చీటీ మీద రాసిచ్చి వచ్చేశాను. మూడో రోజున ల్యాప్‌టాప్ ఇంటికి వచ్చింది. మీటలన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. ఏదో ఫైలు కోసం, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా చూశాను. మా ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు, నాన్నగారి పింఛను కాగితాలు, మా ఆవిడ వైద్య పరీక్షల రిపోర్టు వరసగా కనిపించాయి. వాటిని నేను నెలల తరబడి ముట్టుకోలేదు.

ఏమీ పోలేదు, ఎవరూ బెదిరించలేదు. కీబోర్డు బాగయిందో లేదో చూడటానికి దస్తావేజు ఎందుకు తెరవాలో మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మా ఆవిడ ఒకటే అడిగింది: "వడ్రంగి తలుపు బాగుచేయడానికి వస్తే బీరువా తాళాలు కూడా చేతిలో పెడతారా?"

ఆ మాట తగిలాక నేర్చుకున్నవీ, ఏళ్ల తరబడి లెక్కల ఉద్యోగంలో చూసినవీ కలిపి ఇక్కడ చెబుతున్నాను. డబ్బు పెట్టి కొనవలసింది రెండు బయటి హార్డ్‌డిస్కులు మాత్రమే. మిగతాదంతా ఒక ఆదివారం మధ్యాహ్నం పని.

దాచడం వేరు, తాళం వేయడం వేరు

చాలా ఇళ్లలో జరిగేది దాచడమే. ముఖ్యమైన ఫోల్డర్‌కు ‘పాత పాటలు’ అని పేరు పెట్టడం, దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ‘హిడెన్’ అన్న గడిలో టిక్కు పెట్టడం. బియ్యం డబ్బాలో నగలు దాచడం లాంటిదే ఇది. ఇంటి దొంగకు ముందు తట్టేది ఆ డబ్బాయే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘హిడెన్ ఐటమ్స్’ మీద నొక్కితే దాగినవన్నీ బయటపడతాయి.

రెండో భ్రమ విండోస్ పాస్‌వర్డ్ మీద. అది వీధి గుమ్మానికి వేసిన గొళ్లెం లాంటిది. హార్డ్‌డిస్కు విప్పి మరో కంప్యూటర్‌కు తగిలించినా, విండోస్‌కు బదులు పనిచేసే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో మీ కంప్యూటర్‌నే నడిపించినా విండోస్ లేవదు, పాస్‌వర్డ్ అడగదు. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి లేకపోతే ఫైళ్లన్నీ తెరిచిన పుస్తకమే.

ఎన్‌క్రిప్షన్ అంటే ఫైలులోని అక్షరాలనే గుర్తుపట్టలేనట్టు మార్చేయడం. తాళంచెవి, అంటే పాస్‌వర్డ్, ఉన్నవాళ్లకే అసలు రూపం కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి ఏఈఎస్. ఇద్దరు బెల్జియం శాస్త్రవేత్తలు తయారుచేసిన దీన్ని అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా స్వీకరించింది. బ్యాంకులు వాడేదీ, ఇక్కడ నేను చెప్పబోయే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేదీ అదే. తాళం బలంలో మనం ఎవరికీ తీసిపోము. తేడా వచ్చేదల్లా తాళంచెవి దగ్గరే.

ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి

కంప్యూటర్ తెరవకముందే, ఎవరి చేతిలోనూ పడకూడదనుకునే ఫైళ్ల పేర్లు కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన ‘ఎవరి నుంచి?’ అన్న ప్రశ్నకు జవాబు రాయండి. ఈ రెండో వరస రాయనివాళ్లే అన్నిటికీ ఒకే తాళం వేసి, చివరికి విసిగి తీసేస్తారు.

మా ఇంటి కాగితం ఇలా తేలింది. దస్తావేజులు, ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు: ల్యాప్‌టాప్ పోతే దొరికినవాడి నుంచి, మరమ్మతు చేసేవాడి నుంచి. వైద్యం కాగితాలు: చుట్టాల నుంచి. నవ్వకండి, పెళ్లి సంబంధాలు చూసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. పిల్లల ఫొటోలు: ఇవి రహస్యమూ కాదు, కానీ పోకూడదు. అంటే వీటికి కావలసింది తాళం కాదు, ఇంకో నకలు. ఆఫీసు పని మీద ఇంటికి తెచ్చుకున్న ఖాతాదారుల లెక్కలు: మా అబ్బాయి నుంచి. వాడికి ఆ లెక్కలతో పని లేదు కానీ, ఆటల కోసం ఎక్కడెక్కడి సాఫ్ట్‌వేరో తెచ్చి ఎక్కిస్తాడు.

ఆ చివరి జవాబుకు మందు సులువైనదే. సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్’, అందులో ‘అదర్ యూజర్స్’ దగ్గరకు వెళ్లి పిల్లలకు వేరే ఖాతా తెరవండి. అది ‘స్టాండర్డ్’ ఖాతాగానే ఉండాలి, అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకూడదు.

మొత్తం డిస్కుకు తాళం

ల్యాప్‌టాప్ వాడేవాళ్లు అన్నిటికన్నా ముందు చేయవలసింది ఇదే. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగే తొందరలోనో, రైలులో పై బెర్తు మీదో సంచీ మరిచిపోతే కాపాడేది ఇదొక్కటే.

విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటే సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లోకి వెళ్లి ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఉందేమో చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లినప్పుడు చాలాసార్లు అది దానంతటదే మొదలై ఉంటుంది. ప్రో ఎడిషన్ ఉంటే స్టార్ట్ మెనూలో ‘బిట్‌లాకర్’ అని టైపు చేసి ‘మేనేజ్ బిట్‌లాకర్’ తెరిచి, సీ డ్రైవ్ పక్కన ఉన్న ‘టర్న్ ఆన్’ నొక్కండి. యాపిల్ కంప్యూటర్లలో దీని పేరు ఫైల్‌వాల్ట్.

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. విండోస్‌లో ఈ తాళంతో పాటు 48 అంకెల రికవరీ కీ ఒకటి పుడుతుంది. మరమ్మతులో మదర్‌బోర్డు మార్చినా, లోపలి అమరిక ఇంకేదైనా మారినా కంప్యూటర్ ఒక నీలం తెర చూపించి ఆ 48 అంకెలూ అడుగుతుంది. మీ దగ్గర లేకపోతే మీ ఫైళ్లకు మీరే పరాయివారు. మైక్రోసాఫ్ట్ వాళ్లను బతిమాలినా లాభం లేదు, వాళ్లకూ వేరే దారి లేదు. డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలైనప్పుడు ఈ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో చేరుతుంది. ఆ ఖాతా ఏ ఈమెయిల్‌తో తెరిచారో గుర్తులేనివాళ్లు చాలామంది ఉంటారు. దుకాణంలో కొన్న రోజున అమ్మినవాడే ఏదో ఒకటి తెరిచి ఇచ్చి ఉంటాడు. ఈ రోజే ఆ ఖాతాలోకి వెళ్లి, మీ కంప్యూటర్ పేరు కింద రికవరీ కీ ఉందో లేదో చూడండి. ఉంటే ముద్రించుకోండి. దాన్ని అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే మాత్రం బీరువా తాళం బీరువాలో పెట్టి తలుపు వేసినట్టే.

కంప్యూటర్‌లో ఒక ఇనప్పెట్టె

డిస్కు తాళం కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడే కాపలా కాస్తుంది. మీరు తెరిచి కూర్చున్నాక, లేదా పాస్‌వర్డ్ రాసిచ్చాక, అది తీసిన తలుపే. నా టీ కథలో బిట్‌లాకర్ ఉన్నా అక్కరకు వచ్చేది కాదు. అందుకే లోపల ఇంకో పెట్టె కావాలి. దానికి నేను వాడేది వెరాక్రిప్ట్. ఇది ఉచితం, దీని కోడ్ ఎవరైనా చూడవచ్చు. ఒకప్పుడు ప్రసిద్ధమైన ట్రూక్రిప్ట్ 2014లో ఆగిపోయింది. దాని వారసురాలు ఇది. పాత వ్యాసాలు చదివి ట్రూక్రిప్ట్ దించుకోకండి.

వెరాక్రిప్ట్ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకుని ఎక్కించాక, వరస ఇది:

1. ‘క్రియేట్ వాల్యూమ్’ నొక్కి, మొదటిదైన ‘ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ కంటైనర్’ ఎంచుకోండి. తర్వాతి తెరలో ‘స్టాండర్డ్’ చాలు.

2. పెట్టె ఎక్కడ ఉండాలో, పేరేమిటో అడుగుతుంది. కొత్త పేరు టైపు చేయండి. ఉన్న ఫైలునే చూపిస్తే దానికి తాళం వేయదు, దాన్ని చెరిపేసి ఆ చోట ఖాళీ పెట్టె పెడుతుంది.

3. ఏఈఎస్, షా-512 అని వచ్చేవాటిని కదిలించకండి.

4. పరిమాణం అడుగుతుంది. కాగితాల స్కాన్లకు 5 జీబీ ధారాళం. ఫొటోలు, వీడియోలు కూడా పెడతారా, అయితే 50 జీబీ ఇవ్వండి.

5. పాస్‌వర్డ్. 20 అక్షరాలకు తగ్గితే హెచ్చరిస్తుంది. ఆ మాట వినండి.

6. చివరి తెరలో మౌస్‌ను అటూ ఇటూ అడ్డదిడ్డంగా కదపమంటుంది. తమాషాగా ఉన్నా ఆ పని మనస్ఫూర్తిగా చేయండి. తాళంలోని యాదృచ్ఛికత దానితో పెరుగుతుంది. ఆకుపచ్చ గీత నిండాక ‘ఫార్మాట్’ నొక్కండి. ఫార్మాట్ అయ్యేది ఆ పెట్టె మాత్రమే, మీ డిస్కు కాదు.

వాడాలనుకున్నప్పుడు వెరాక్రిప్ట్ తెరిచి, జాబితాలో ఒక డ్రైవ్ అక్షరం ఎంచుకుని, ‘సెలెక్ట్ ఫైల్’తో పెట్టెను చూపించి ‘మౌంట్’ నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వాలి. పెన్‌డ్రైవ్ పెట్టినట్టే కొత్త డ్రైవ్ కనిపిస్తుంది. ఫైళ్లు అందులోకి జరపండి, అందులోనే తెరిచి పని చేసుకోండి. అయిపోగానే ‘అన్‌మౌంట్’ చేయండి. పాత వెర్షన్లలో దీన్నే ‘డిస్‌మౌంట్’ అనేవారు.

అన్‌మౌంట్ మరిచిపోవడమే అందరూ చేసే తప్పు. మన సింహాద్రి అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్క అక్షయ తృతీయ నాడే. మిగతా రోజులన్నీ చందనం కిందే. మీ పెట్టె అంత నిష్ఠగా ఉండనక్కర లేదు కానీ, స్వభావం అదే కావాలి. మూసి ఉండటం దాని మామూలు స్థితి, తెరవడం విశేషం. ప్రిఫరెన్సెస్‌లో కొన్ని నిమిషాలు వాడకపోతే దానంతటదే మూసుకునే ఏర్పాటు ఉంది. నేను 15 నిమిషాలకు పెట్టుకున్నాను.

ఫైళ్లు పెట్టెలోకి చేరాక పాతచోట్ల మిగిలిన నకళ్ల వేట మొదలుపెట్టండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, డెస్క్‌టాప్, ఈమెయిల్‌లో పంపిన జాబితా, రీసైకిల్ బిన్. మా ఇంటి దస్తావేజు స్కాన్ నాలుగు చోట్ల దొరికింది. అందులో రెండింటికి పేరు ‘స్కాన్0003’.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివాటిలో పెట్టాలనుకునేవారికి ఈ పెట్టె అంత అనువు కాదు. లోపల ఒక్క కాగితం మారినా మొత్తం పెట్టె మళ్లీ పైకి ఎక్కించవలసి రావచ్చు, ఒక్కోసారి మారిందన్న సంగతే ఆ సేవ గుర్తించదు. అక్కడికి ఫైలు ఫైలుకు విడిగా తాళం వేసే క్రిప్టోమేటర్ నయం.

పాస్‌వర్డ్ మాటల్లో ఉండాలి

పిల్లవాడి పేరు, పుట్టిన సంవత్సరం, చివర ఒక ‘ఎట్’ గుర్తు. ఈ మూసలో లేని పాస్‌వర్డ్ మన ఊళ్లో ఎన్ని ఉన్నాయో నాకు అనుమానమే. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లోనే తన సూచనలు మార్చుకుంది. వింత గుర్తుల కన్నా పొడవు మేలు, ఊరికే మూడు నెలలకోసారి మార్పించడం వద్దు అంది. అయినా మన ఆఫీసుల్లో ఇంకా మార్పిస్తూనే ఉన్నారు. మనం చివరి అంకె పెంచుతూనే ఉన్నాం.

ఒక తెలుగు నిఘంటువు తీసుకోండి. కళ్లు మూసుకుని ఐదారు పేజీలు తెరవండి. తెరిచిన ప్రతి పేజీలో వేలు ఆనిన మాట రాసుకోండి. లాంతరు, చింతచిగురు, పల్లకి, మేనమామ, సుడిగుండం, ఇలా వస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో వాటిని వరసగా టైపు చేస్తే సులువుగా 35 అక్షరాలు దాటుతుంది, రెండు రోజుల్లో నోటికి వస్తుంది. ఈ ఐదూ అచ్చులో కనిపించాయి కాబట్టి వీటినే వాడకండి. అందరికీ తెలిసిన పద్యపాదమో, పాట పల్లవో వద్దు. మీకు గుర్తున్నది ఊహించేవాడికీ గుర్తుంటుంది. మాటలు మీరు ఎంచుకోకుండా, వేలు ఎంచుకోవడమే ఇందులో కిటుకు.

మిగతా చిల్లర పాస్‌వర్డులన్నీ గుర్తుపెట్టుకోనక్కర లేదు. కీపాస్ఎక్స్‌సీ లాంటి ఉచిత పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టి, దానికి మాత్రం ఇలాంటి మాటల తాళం వేయండి.

తాళం లాగే కనిపించేవి

ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది కదా అని ధైర్యంగా వాట్సాప్‌లో పంపేస్తాం. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరు ఫైలు పంపిన చాట్‌లోనే ఉంది. సంవత్సరం ఏ పుట్టినరోజు ఫొటో కిందో ఉంటుంది. ఈ-పాన్‌కు పుట్టిన తేదీయే పాస్‌వర్డ్. ఇవి దారిన పోయేవాళ్లకు అడ్డు, తెలిసినవాళ్లకు కాదు. మీ గోడు తెలిసినవాళ్ల నుంచే అయితే వీటిని పెట్టెలోనే ఉంచండి.

ఎక్సెల్ విషయం ఇంకా ముచ్చటైనది. నేను గతంలో పనిచేసిన ఒక చిన్న సంస్థలో, ఉద్యోగుల హాజరు పట్టిక అందరికీ అందుబాటులో ఉండే ఫోల్డర్‌లో ఉండేది. జీతాల షీటు కూడా అదే ఫైలులో, ‘హైడ్’ చేసి. ఒక మధ్యాహ్నం ఎవరో షీటు పేరు మీద కుడి మీట నొక్కి ‘అన్‌హైడ్’ అన్నారు. సాయంత్రం టీ వేళకు ఎవరికి ఎంత పెరిగిందో అటెండరుకు కూడా తెలుసు. ఆ తర్వాత రెండు నెలలు మా లెక్కల విభాగంతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు, ఆ ఫైలు మేము చేసింది కాకపోయినా.

షీటును దాచడం, ‘ప్రొటెక్ట్ షీట్’ చేయడం పొరపాటున గడులు చెరిగిపోకుండా ఉండటానికే. నిజమైన తాళం ‘ఫైల్’ మెనూలో ‘ఇన్ఫో’, అందులో ‘ప్రొటెక్ట్ వర్క్‌బుక్’, అందులో ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’. వర్డ్‌లోనూ ఇదే దారి. ట్యాలీ వాడేవారికి ట్యాలీవాల్ట్ ఉంది. అది కంపెనీ లెక్కలనే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి రాదు కనుక యజమాని దగ్గర ఒకటి, ఆడిటరు దగ్గర ఒకటి సీల్ చేసిన కవర్లు ఉండాలి.

ఆడిటరుకో, బ్యాంకుకో కొన్ని ఫైళ్లు పంపాలంటే 7-జిప్ చాలు. ఫైళ్లను ఎంచుకుని కుడి మీట, ‘యాడ్ టు ఆర్కైవ్’. ఫార్మాట్ ‘7జెడ్’గా ఉంచి పాస్‌వర్డ్ ఇచ్చి ‘ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్’ గడిలో టిక్కు పెట్టండి. అది లేకపోతే లోపలి ఫైళ్ల పేర్లు అందరికీ కనిపిస్తాయి. ‘విడాకుల నోటీసు’ అన్న పేరు కనిపించాక లోపల ఏముందో చదవవలసిన పని ఏముంది? ‘జిప్’ ఫార్మాటే కావాలంటే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని జిప్‌క్రిప్టో నుంచి ఏఈఎస్-256కు మార్చండి, మొదటిది బలహీనమైనది. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయకండి, ఫోన్ చేసి చెప్పండి.

ఆఫీసులో

ఇక్కడ నా సలహా కొంచెం నిరుత్సాహపరుస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లో సొంత కాగితాలు దాచుకోవడానికి మంచి తాళం లేదు, ఉన్నా వేయకండి. ఆ కంప్యూటర్ సంస్థది, అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు చాలాచోట్ల సంస్థ వన్‌డ్రైవ్‌లోకి వాటంతటవే చేరుతుంటాయి. మీరు టైపు చేసే పాస్‌వర్డ్‌నే చూడగల సాఫ్ట్‌వేర్ అందులో ఉండవచ్చు. ఉద్యోగం మానేసిన రోజున ఆ కుర్చీతో పాటు ఆ ఫైళ్లూ అక్కడే ఉండిపోతాయి.

కాబట్టి సొంతవి ఇంటి దగ్గరే ఉండనివ్వండి. ఆఫీసు బ్రౌజర్‌లో మీ సొంత గూగుల్ ఖాతాతో సింక్ పెట్టకండి, ఇంట్లో దాచిన పాస్‌వర్డులన్నీ అక్కడికి దిగుతాయి. వాట్సాప్ వెబ్ వాడితే, వారానికోసారి ఫోన్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి, అక్కర లేనివాటి నుంచి లాగౌట్ చేయండి. కుర్చీ నుంచి లేచే ప్రతిసారీ విండోస్ మీటనూ ‘ఎల్’ మీటనూ కలిపి నొక్కండి. మధురవాడ ఐటీ హిల్స్ మీద పనిచేసేవాళ్లకు ఇది వేళ్లకు అలవాటై ఉంటుంది. మన చిన్న ఆఫీసుల్లో మాత్రం టీ తాగడానికి వెళ్లేవాడి తెర వెలుగుతూనే ఉంటుంది.

పెన్‌డ్రైవ్ సంగతికి వస్తే, విశాఖలో ఉండి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తూర్పు నౌకాదళ కేంద్ర కార్యాలయ కంప్యూటర్లలోకి పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్ చేరిందని 2012 జూలైలో వార్త వచ్చింది. ఇంటర్నెట్ తగలని కంప్యూటర్లు అవి. ఆ వైరస్ పెన్‌డ్రైవ్‌లో కనబడని ఫోల్డర్ ఒకటి చేసుకుని, ఫైళ్లు అందులో పోగేసి, అదే పెన్‌డ్రైవ్‌ను నెట్ ఉన్న కంప్యూటర్‌కు పెట్టగానే చైనాలోని చిరునామాలకు పంపిందని ఆ వార్త సారాంశం. దాచే విద్య మనకే కాదు, వైరస్‌కూ తెలుసు. ఇంట్లో సినిమాలకు వాడే పెన్‌డ్రైవ్ ఆఫీసుకు, ఆఫీసుది జిరాక్సు దుకాణానికి తిరగకూడదు.

మీ చేతిలో ఖాతాదారుల కాగితాలు ఉంటే ఇది మర్యాదకు సంబంధించిన విషయమే కాదు, చట్టానికి సంబంధించినది కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, సమాచారానికి తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది.

నెట్ సెంటర్‌లో, జిరాక్సు దుకాణంలో

ప్రింటు కోసం ఆధార్‌ను దుకాణం వాట్సాప్ నంబరుకు పంపుతాం. అది వాళ్ల కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్‌లో చేరి, మన ముందు వచ్చినవాళ్ల మార్కుల జాబితాల పక్కన కూర్చుంటుంది. వీలైన చోటల్లా మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపిస్తాయి. ప్రింటు చేతికి వచ్చాక, "ఆ ఫైలు తీసేయండి బాబూ, బిన్‌లో నుంచి కూడా" అని నిలబడి తీయించండి. మొహమాటపడకండి. నేను మొదటిసారి అడిగినప్పుడు దుకాణం అతను కాస్త చిన్నబుచ్చుకున్నాడు, ఇప్పుడు నన్ను చూడగానే తనే తీసేసి చూపిస్తున్నాడు. అక్కడి కంప్యూటర్‌లో, చూసిన పేజీల జాడ దాచుకోని ఇన్‌కాగ్నిటో విండో తెరిచి పని చేసుకున్నా, దించుకున్న ఫైళ్లు మాత్రం అక్కడే ఉంటాయి.

పోకుండా చూసుకోవడం

తాళం ఎంత గట్టిదైనా పెట్టే కొట్టుకుపోతే ఏం లాభం? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మా కిటికీ అద్దాలు పగిలి గదిలోకి వాన కొట్టింది. కంప్యూటర్ బల్ల మీద ఉంది, నకలు ఉన్న హార్డ్‌డిస్కు దాని కింది సొరుగులో ఉంది. రెండూ ఒకే నీళ్లలో నానాయి. కరెంటు వచ్చేదాకా ఏది బతికిందో కూడా తెలియలేదు.

అందుకే మూడు నకళ్లు ఉండాలంటారు. రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే చోట. వేరే చోట అంటే పక్క వీధి కాదు. తుపాను విజయనగరాన్నీ, శ్రీకాకుళాన్నీ వదల్లేదు. మా మూడో నకలు హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉంది, పండక్కి వెళ్లినప్పుడు మార్చుకుని వస్తాం. ఆ డిస్కులో ఉన్నది వెరాక్రిప్ట్ పెట్టె కనుక బావగారి పిల్లలు తగిలించి చూసినా ఏమీ కనిపించదు. ఇంటి డిస్కును ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. బీచి వైపు ఇళ్లలో ఉప్పుగాలి లోహాన్ని ఏం చేస్తుందో కిటికీ చువ్వలను అడిగితే చెబుతాయి.

నకలు తీయగానే డిస్కు ఊడదీయండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ మింగుతుంది. 2017 మే నెలలో వ్యాపించిన వనాక్రై అలాంటిదే. మన ఫైళ్లకు వాళ్ల తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ అడిగినప్పుడల్లా ‘తర్వాత’ అని నొక్కేవాళ్లు, విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయని కూడా గుర్తుంచుకోండి. ఇలాంటిది మీకు జరిగితే డబ్బు కట్టకుండా, నెట్ తీసేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

మరమ్మతుకు, అమ్మకానికి

మరమ్మతుకు ఇచ్చే ముందు పెట్టె మూసి ఉందో లేదో చూడండి. పరీక్షించడానికి వేరే స్టాండర్డ్ ఖాతా ఒకటి తెరిచి, దాని పాస్‌వర్డే రాసివ్వండి. బ్రౌజర్‌లోని ఈమెయిల్ నుంచి లాగౌట్ చేయండి. తెర పూర్తిగా పోయి ఇవేవీ చేయలేకపోతే, డిస్కు విప్పి మీకు ఇచ్చేయమనండి. తెరకో, కీబోర్డుకో మరమ్మతు చేయడానికి చాలా ల్యాప్‌టాప్‌లలో అది అక్కర లేదు.

అమ్మేటప్పుడు డిలీట్ చేసి బిన్ ఖాళీ చేయడం చాలదు, తీసిన ఫైళ్లను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుని, ‘చేంజ్ సెట్టింగ్స్’లో ‘క్లీన్ డేటా’ పెట్టి, రాత్రంతా వదిలేయండి. పాడైపోయిన డిస్కును పాత సామాన్లవాడికి వేయకండి, సుత్తి తీసుకోండి.

తాళంచెవి ఎవరి కొంగున?

మా అమ్మ బీరువా తాళాల గుత్తిని కొంగున ముడి వేసుకునేది. అమ్మ పోయాక బీరువా తెరవడానికి ఇబ్బంది పడలేదు, గుత్తి ఎక్కడ ఉంటుందో అందరికీ తెలుసు. రేపు నాకేమైనా అయితే మా ఆవిడ బీమా పాలసీ కోసం 35 అక్షరాల పాస్‌వర్డ్ ఎక్కడ వెతుకుతుంది?

ఒక కాగితం మీద వెరాక్రిప్ట్ పాస్‌వర్డ్, 48 అంకెల రికవరీ కీ, పాస్‌వర్డ్ మేనేజర్ తాళం, ఏ ఫైలు ఎక్కడ ఉందో రెండు వాక్యాలు రాయండి. కవరులో పెట్టి అతికించి, అంచు మీద సంతకం చేసి, బ్యాంకు లాకరులో నగల పక్కన పెట్టండి. లాకరు లేకపోతే ఇంటి దస్తావేజు అసలు ప్రతి ఎక్కడ ఉంటుందో అక్కడే. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా కవరు కూడా మారాలి.

ఆ కవరు అతికించే ముందు ఒక పరీక్ష పెట్టండి. కాగితం ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చి, మీరు పక్క గదిలో కూర్చుని, పెట్టె తెరిచి పాలసీ కాగితం తీయమనండి, రికవరీ కీ అంకెలు పైకి చదవమనండి. మధ్యలో సాయం చేయకూడదు. మా ఇంట్లో మొదటి పరీక్ష తప్పింది. నా చేతిరాతలో ఒకటికీ ఏడుకూ తేడా తెలియక మా ఆవిడ రికవరీ కీ దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. ఇప్పుడు ఆ కాగితం పెద్దక్షరాలతో ముద్రించి ఉంది, జిరాక్సు దుకాణంలో కాదు, ఇంటి ప్రింటర్ మీదే.